సున్నాను పైన పెట్టిన అక్క

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒకమ్మాయి తెర మీద చార్టు చూపిస్తుంటే అందరూ నవ్వారు. సున్నా పైన ఉంది, పెద్ద అంకెలు కింద ఉన్నాయి. ఎక్కడో ఒక చిన్న సెట్టింగు తిరగబడి ఉంటుంది. పెరగాల్సిన గీత పెరిగిన కొద్దీ పాతాళానికి పోతోంది. "శీర్షాసనం వేస్తే తప్ప అర్థం కాదమ్మా ఇది" అన్నాడొకాయన. ఆ అమ్మాయి నాలుక కరుచుకుని సరిచేసింది. నేనొక్కణ్ణే నవ్వలేదు. ఆ గీతను చూడగానే నా కళ్ళు వాటంతట అవే పై అంచుకు పోయి, అక్కడ ఆకుపచ్చ గీత ఒకటి ఉందేమోనని వెతికాయి. లేదు. ఎందుకుంటుంది? ఆ గీత గీసిన మనిషి కిందటి చలికాలంలో కన్నుమూసింది.

ఆమెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆమె పనిచేసిన గని ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. రేపో మాపో రిటైరయ్యే పెద్దమనుషులకు కూడా. పేరు రాయను. పేరు చెబితే మనిషిని చెప్పేసినట్టే అనిపిస్తుంది, ఇక మిగతాది చెప్పబుద్ధి కాదు. నాకు గుర్తున్నది వేరే. చార్టు తెరుచుకునే లోపల ఆమె కళ్ళు మూసుకునేది. అరచేతిలో గడ్డం పెట్టుకుని, పెదాల మీద చిన్న నవ్వుతో, తెర ముందు అట్లా కూర్చుని ఉండేది. ప్రార్థన చేస్తోందేమో అనుకున్నాను మొదట్లో. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ఇల్లు వాళ్ళది. అడిగితే నవ్వింది. "ప్రార్థన గాదు తమ్మీ. వచ్చేదాన్ని గుడ్లప్పగించి చూస్తే సిగ్గుపడి ఆగుతది. మనం చూస్తలేమనుకుంటే జల్ది వస్తది."

నేను పుట్టి పెరిగింది జ్యోతినగర్‌లో. కరెంటు తయారుచేసే కంపెనీ క్వార్టర్లు, కంపెనీ బడి, సాయంత్రమైతే వరసగా ఇళ్ళకు చేరే స్కూటర్లు. బొగ్గు అంటే మాకు రైలుపెట్టెల్లో వచ్చే సరుకు. కూతవేటు దూరంలో ఉన్న గోదావరిఖనిలో మనుషులు దాని కోసం భూమిలోకి దిగుతారని తెలుసు. తెలుసంటే, చంద్రుడి మీద గుంతలుంటాయని తెలిసినట్టు. హైదరాబాదులో చదివి, అక్కడే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరి, ఆ సంస్థ పని మీద గని ఆఫీసుకు వచ్చేదాకా నేను ఆ గేటు దాటలేదు. అక్కడి కంప్యూటర్ గదిలో మా పని చూసుకునే మనిషి అక్క. ప్రోగ్రాములు రాయడం నాకంటే ముందునుంచే వచ్చు ఆమెకు. బాయి కార్మికుడి కూతురు. గనిని బాయి అంటారు అక్కడ.

పని చెప్పడానికి చిన్నదే. బాయిలోకి దిగే ప్రతి మనిషీ ముందు ల్యాంపు రూముకు పోయి తలకు పెట్టుకునే లైటు తీసుకుంటాడు. పైకి వచ్చాక దాన్ని మళ్ళీ అక్కడే పెట్టి ఇంటికి పోతాడు. ఎన్ని లైట్లు బయటికి పోయి ఇంకా తిరిగి రాలేదో అంతమంది భూమిలోపల ఉన్నట్టు. ఆ గదిలో కొత్తగా ఒక యంత్రం పెట్టారు. లైటు తీసినా పెట్టినా అది గుర్తుపట్టి అంకెను క్లౌడ్‌లోకి పంపుతుంది. ఆ అంకెను మేము రెండు చోట్ల చార్టుగా చూపించాలి. మేనేజరు గారి గదిలో డెస్క్‌టాప్ ప్రోగ్రాములో ఒకటి, ఇళ్ళలో వాళ్ళు ఫోన్లలో చూసుకునే వెబ్ పేజీలో ఒకటి. ఒకప్పుడు షిఫ్టు వదిలితే కాలనీలన్నిటికీ వినిపించేలా సైరన్ మోగేది. ఆ బాయి సైరన్ పాడైపోతే మళ్ళీ ఎవరూ బాగుచేయించలేదు. దాని బదులు ఈ పేజీ ఉండాలని పైవాళ్ళను ఒప్పించింది అక్కే.

"గమ్మతి లేదా తమ్మీ?" అన్నది మొదటిరోజే. "బాయిల ఉన్నోళ్ళ లెక్క మొగులు మీదికి పోయి, ఆడికెళ్ళి వంటింట్లకు వస్తది."

క్లౌడ్‌ను ఆమె మొగులంది, మబ్బని. నాకైతే అందులో గమ్మత్తేమీ కనిపించలేదు. పని ముగించి ఎప్పుడెప్పుడు హైదరాబాదు బస్సెక్కుదామా అనే ధ్యాసలో ఉన్నాను.

నేను మొదట రాసిన ప్రోగ్రాము, పేజీ తెరిచినప్పుడు ఒకసారి అంకెలు తెచ్చి చార్టులో పోసేది. కొత్తవి కావాలంటే కింద ఉన్న బటన్ నొక్కాలి. అక్క ఆ బటన్‌ను చాలాసేపు చూసింది.

"ఇది నొక్కకపోతే?"

"పాతదే ఉంటుందక్కా."

"పొయ్యికాడ ఉన్నోళ్ళు చెయ్యి కడుక్కొని వచ్చి నొక్కుతరా? చార్టుకు అంకెలు తినిపియ్యకు తమ్మీ. ఏడ చూడాల్నో చెప్పి ఇడిశిపెట్టు. అదే చూసుకుంట కూసుంటది."

మేము బైండింగ్ అని చదువుకున్నది ఇదే. అంకె మారినప్పుడల్లా చార్టు తనంతట తాను మారేలా రెంటినీ ముడివేయడం. ఎన్నోసార్లు చేసిన పనే. ఆమె నోట విన్నాక మాత్రం అది నాకు ముడిలా కనిపించడం మానేసింది. ఎవరో గడపలో కూర్చుని దారి వైపు చూస్తున్నట్టు కనిపించేది. ఉద్యోగంలో అంత పనికిమాలిన ఊహ ఇంకోటి ఉండదు. అయినా పోలేదు.

అట్లా ముడివేసిన చార్టును పొద్దుటి షిఫ్టు దిగే వేళకు అక్కకు చూపించాను. మనుషులు దిగుతున్న కొద్దీ గీత మెట్లుమెట్లుగా పైకి లేచింది. నేను గర్వంగా నిలబడ్డాను. అక్క నవ్వు ఆపుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది.

"ఏందక్కా?"

"ఏం లేదు. మనోళ్ళు ఏ గుట్ట ఎక్కుతున్నరా అని చూస్తున్న."

"సంఖ్య పెరుగుతోంది కదక్కా. పెరిగితే గీత పైకే పోతుంది."

"నీకు సంఖ్య. ఇంట్ల ఉన్నోళ్ళకు మనిషి గద. దిగినోణ్ణి దిగినట్టే చూపియ్యి. భూమి ఏడుంటది? పైన ఉంటది. సున్న ఆడ పెట్టు."

సెట్టింగు మార్చాను. ఒక్క మాట, అంతే. సున్నా పైకి పోయింది. అక్క నా పక్కకు కుర్చీ లాక్కుని, సున్నా దగ్గర అడ్డంగా ఆకుపచ్చ గీత ఒకటి తనే పెట్టింది. అది నేల. ఆ మర్నాటినుంచి పొద్దున్నే నేల మీదినుంచి నల్లగీత మెల్లగా దిగేది. అడుగున చదునుగా సాగేది. మధ్యాహ్నం వాలాక మెట్టు మెట్టు ఎక్కి ఆకుపచ్చ గీతను తాకేది. తాకగానే అక్క "ఆఁ" అనేది, పక్కవాళ్ళకు కూడా వినిపించనంత చిన్నగా. ఆ బాయి అప్పటికే ముసలిది, పొద్దుటి షిఫ్టు ఒక్కటే మిగిలింది. కాబట్టి రోజుకు ఒక్కసారే ఆ "ఆఁ". ఏ పనిలో ఉన్నా నా చెవి దాని కోసం కాసుకుని ఉండేది.

మేనేజరు గారి గదిలో మాత్రం ఆ తలకిందుల చార్టు ఒక్కపూట కూడా నిలవలేదు. "ఏందమ్మా ఇది, పెద్దసారు వచ్చి చూస్తే ఉత్పత్తి పడిపోయిందనుకుంటడు. గీత కిందికి పోవుడు మంచిగనిపియ్యది" అన్నాడాయన. అక్క వాదించలేదు. ఆమె ఎవరితోనూ వాదించగా నేను చూడలేదు. "సరే సార్, మీకు గుట్ట, ఇండ్లకు బాయి" అని వచ్చేసింది. అంకె ఒక్కటే, వచ్చే చోటూ ఒక్కటే. డెస్క్‌టాప్‌లో గుట్టయి లేచేది, ఫోన్లలో బాయి అయి దిగేది.

మధ్యాహ్నాలు ఆమె ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చునేది. ఆ గదిలో మధ్యాహ్నం చాలా పొడుగు. కిటికీ అవతల నీలగిరి చెట్లు, వాటి వెనక తెల్లబడిన ఆకాశం. దూరంగా ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం నేలను పేల్చినప్పుడు ముందు నేల కొంచెం కదిలినట్టుండేది, తర్వాత అద్దాలు సన్నగా మోగేవి. అక్క చూపు తెర మీదినుంచి మరల్చకుండానే చెయ్యి చాచి తన టీ గ్లాసును పట్టుకునేది, అద్దాలు ఆగాక వదిలేసేది. మాట్లాడుతున్న మాట తెగేది కాదు. గీత ఎంత దిగిందో వేలితో తెరమీద రాస్తూ చూసేది. సాయంత్రం తెర ఆపేశాక, వాలు ఎండ పడితే, నల్లటి అద్దం మీద ఆమె వేలి జాడ గుంతలా కనిపించేది. దాన్ని తుడవకుండానే పాత చీరముక్క కప్పేసి ఇంటికి పోయేది. దుమ్ము కోసమేలే. ఖనిలో దుమ్ము నల్లగా ఉంటుంది, కప్పకపోతే మర్నాటికి తెరే ఉండదు. కానీ ఆ కప్పడంలో నిద్రపోయే పిల్లకు దుప్పటి సరిచేసినంత నిదానం ఉండేది.

ఆ చార్టుల సాఫ్ట్‌వేర్‌కు ఒక పాడు అలవాటు ఉంది. అంకె రాకపోతే, రాలేదని దానికి తెలియదు. సున్నా అనుకుంటుంది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టకముందే ఒకరోజు పెద్ద వాన పడి, లైను తెగి, ల్యాంపు రూమునుంచి అంకెలు ఆగిపోయాయి. షిఫ్టు ఇంకా సగంలో ఉంది. ఫోన్లలో గీత మాత్రం అడుగునుంచి ఒక్క దూకు దూకి ఆకుపచ్చ గీత మీద పడింది. బాయిలో ఉన్నవాళ్ళందరూ ఒకేసారి పైకి వచ్చేసినట్టు! ఇళ్ళనుంచి ఆఫీసుకు ఫోన్లే ఫోన్లు. ఇంత తొందరగా ఎందుకు వచ్చిన్రు, లోపల ఏమైంది, దవాఖానకు ఎవరినన్న తీసుకపోయిన్రా అని. లోపల ఏమీ కాలేదు. అందరూ వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటున్నారు. మేమంతా ఫోన్లలో ఆ మాటే చెబుతుంటే, అక్క మాత్రం స్కూటరు తాళం తీసుకుని వానలోనే ఇంటికి పోయింది. తిరిగి వచ్చేసరికి తల తడిసి ముద్దయి ఉంది.

"మా అవ్వ అన్నం తిన్నది. తిని, బాపు ఇంక ఇంటికి రాలేదేందని రోడ్డు మీదికొచ్చి నిలబడ్డది. వానల" అన్నది.

అవ్వంటే తల్లి, బాపు అంటే తండ్రి అక్కడ. ఆమె తండ్రి పోయి చాలా ఏళ్ళయిందని నాకు అప్పటికే తెలుసు. నాకేమీ అర్థం కాలేదు. ఆమె తల తుడుచుకుంటూ, నేను ఎప్పుడూ వినని గట్టి గొంతుతో అన్నది: "సున్న అంటే అందరొచ్చిన్రని తమ్మీ. ఖాళీ అంటే తెల్వదని. తెల్వదంటే తప్పేం గాదు. రానిదాన్ని మాత్రం గీయొద్దు." అప్పటినుంచి అంకె రాకపోతే గీత అక్కడే తెగిపోయేలా చేశాం. అంకెలు మళ్ళీ వస్తే, వచ్చిన చోటినుంచి మళ్ళీ మొదలు. నడుమ ఖాళీని కలిపేస్తే చూడటానికి బాగుంటుందని మేనేజరు గారు అన్నా ఆమె కలపనివ్వలేదు.

తర్వాత కొన్నాళ్ళకు నన్ను అన్నానికి పిలిచింది. కంపెనీ క్వార్టరు, ముందు చిన్న అరుగు, పక్కన కరివేపాకు చెట్టు. లోపల అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె ముందు బోర్లించిన పళ్ళెం. ఎదురుగా గూట్లో యేసు పటం, దాని పక్కన నిలబెట్టిన పాత ఫోను, ఆ ఫోనులో మా చార్టు. నేను చేసిన పనిని అంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకొకరు లేరు. మా సంస్థ యజమాని కూడా చూడలేదు.

అక్క వంటింట్లో గిన్నెలు సర్దుతూ మెల్లగా చెప్పింది. అవ్వకు కాలం జారిపోయింది. భర్త పోయిన సంగతి ఆమెలో నిలవదు. చెబితే అప్పుడే పోయినట్టు ఏడుస్తుంది, మర్నాడు మరిచిపోయి మళ్ళీ ఎదురుచూస్తుంది. మళ్ళీ చెబితే మళ్ళీ కొత్తగా ఏడుస్తుంది. ఎన్నిసార్లు ఏడిపిస్తారు? చెప్పడం మానేశారు. ఆయన పొద్దుటి షిఫ్టుకు పోయాడు, ఇంకా బాయిలో ఉన్నాడు, అంతే. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆయన పైకి రానిదే ఆమె ముద్ద ముట్టలేదు. ఒకప్పుడు సైరన్ విని తినేది, ఇప్పుడు గీత చూసి తింటోంది. ఆదివారం చర్చికి పోతారు కాబట్టి ఆ రోజు సెలవని మాత్రం ఆమెకు తెలుస్తుంది. తిన్నాక ఒక కునుకు తీస్తే ఎదురుచూపు కూడా మరుపున పడిపోతుంది, మళ్ళీ పొద్దున దాకా ఫికరు లేదు. ఆ వాననాడు కునుకు పట్టలేదు.

నేను చూస్తుండగానే గీత నేలను తాకింది. "అచ్చిన్రు" అన్నది అవ్వ తృప్తిగా. ఎండిన చేతులతో పళ్ళెం తిప్పుకుని నావైపు చూసింది. "నువ్వు గూడ తిను కొడుకా, ఎవ్వల పిల్లగానివో." ఆ పప్పు, ఆ మామిడికాయ తొక్కు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఆ మధ్యాహ్నం నాకు ఆ ఇంటి మీద ప్రేమ పుట్టింది. అంతకంటే వేరే మాట దొరకడం లేదు.

ఇంతలో బాయి మూసేస్తున్నారన్న కబురు వచ్చింది. బొగ్గు అయిపోయింది, ఎవరి తప్పూ లేదు. మనుషుల్ని శ్రీరాంపూర్, రామకృష్ణాపూర్ వైపు బాయిలకు పంచుతున్నారు. ఆఫీసంతా బదిలీల గోల, ఎవరికి దగ్గర, ఎవరికి దూరం. అక్క దిగులు వేరు.

"షిఫ్టు లేకపోతే గీత దిగది. దిగకపోతే పైకి రాది. అవ్వ ఎట్ల తింటది తమ్మీ?"

నాకది సమస్యగానే కనిపించలేదు. పాత షిఫ్టుల అంకెలన్నీ క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయి. "మీ ఇంట్లో ఫోనును వాటికి కడదామక్కా. రోజుకొక పాత షిఫ్టు. చిటికెలో పని" అన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది. ఏ పేజీ తెరుచుకోవడం లేదు అప్పుడు.

"పైకొచ్చినోళ్ళను మళ్ళ బాయిల దింపుతవా?" అన్నది.

కోపంగా కాదు, అడిగినట్టే అడిగింది. నేను నమూనా అంకెలతో ఎన్ని చార్టులు చేసి ఉంటాను! ఒక్కనాడూ ఇట్లాంటి ప్రశ్న రాలేదు.

నిజమైన అంకెలే అయితే ఫర్వాలేదని, ఒకరోజు ఫోనును శ్రీరాంపూర్ వైపు బాయికి కట్టి చూసింది. అవ్వ కాసేపు చూసి ముఖం తిప్పుకుందట. "ఇది మన బాయి గాదే. ఈళ్ళు ఉరుక్కుంట దిగుతాన్రు" అందట. మా బాయిలో వాలుబాట మీద నడిచి దిగాలి కాబట్టి నింపాదిగా ఒక్కొక్కరే లైట్లు తీసుకునేవాళ్ళు. అక్కడ మనుషుల్ని కూర్చోబెట్టి దింపే కుర్చీల వరస ఉంది, అది కదిలే వేళకు అందరూ ఒకేసారి తీసుకుంటారు. గీత ఒక్కసారిగా పడిపోయింది. ఫోనును మళ్ళీ మా బాయికి తిప్పేదాకా పళ్ళెం తిప్పలేదట ఆమె. అక్క నవ్వుతూనే చెప్పింది గానీ కంటికింద నలుపు దాగలేదు.

చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. ఆఖరి షిఫ్టు రోజున సెలవు పెట్టి అవ్వ పక్కన కూర్చుంటుంది. గీత నేలను తాకాక, "అందరొచ్చిన్రు అవ్వా, ఇగ ఎవ్వలు దిగరు" అని చెబుతుంది. ఆ తర్వాత గీత ఎప్పటికీ నేల మీదే ఉంటుంది. అవ్వ ఎప్పుడు ఆకలైతే అప్పుడు తినవచ్చు. అబద్ధం లేదు, ఏడిపించడం లేదు. దానికి కావలసింది ఒక్కటే, ఆఖరి సున్నా రావాలి.

ఆ రోజు బాయి నోటి దగ్గర మామిడాకులు కట్టారు, కొబ్బరికాయలు కొట్టారు, మిఠాయి పంచారు. పొద్దున అందరూ లైట్లు తీసుకుని ఫోటోలు దిగి లోపలికి పోయారు. నేను ఆఫీసులో చార్టు చూస్తూ కూర్చున్నాను. గీత దిగింది. అడుగుకు చేరింది. అక్కడ తెగిపోయింది.

వానా లేదు, గాలీ లేదు. పరుగున పోయి మేనేజరు గారి గదిలో అడిగితే తెలిసింది. ఆ యంత్రం ఇంకో బాయికి పోవాల్సి ఉంది, వ్యాను సిద్ధంగా ఉంది. ఇవ్వాల్సిన లైట్లన్నీ ఇచ్చేశాం, ఇక మళ్ళీ ఇచ్చేది ఎవరికీ లేదు కదా, ఈ యంత్రంతో పనేముంది అని ల్యాంపు రూమువాళ్ళు ఊడదీసి పంపేశారు. లైట్లు తిరిగి తీసుకోవడానికి యంత్రమెందుకు, కొక్కేనికి తగిలిస్తే సరిపోతుంది! వాళ్ళ లెక్క వాళ్ళకు సబబుగానే ఉంది. మధ్యాహ్నానికి మనుషులందరూ పైకి వచ్చారు, దండలు వేసుకున్నారు, ఇళ్ళకు పోయారు. ఫోనులో మాత్రం గీత పాతాళంలో తెగి అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు అక్క ఆఫీసుకు వచ్చినప్పుడు నడక తేలిపోతోంది. "లోపట్నే ఉన్నరంటది అవ్వ" అన్నది. "ఛాయ్ తప్ప ఏం ముట్టలే. గంతమందిని లోపట ఇడిశిపెట్టి నేనెట్ల తినాలె అంటది."

"ఒక్క సున్నా అక్కా. ఇక్కడినుంచే రాసేస్తాను."

"నువ్వు చూసినవా?"

"అందరూ వచ్చారని ఊరంతటికీ తెలుసు కదా!"

"ఊరికి తెలుసు. నేను చూడలే. పా" అని స్కూటరు తీసింది. నేను వెనక కూర్చున్నాను. నాకు నిజంగా విసుగొచ్చింది. అటు ముసలి ప్రాణం ఆకలితో ఉంటే ఈ పట్టింపేమిటి అని పైకే అన్నాను. ఆమె స్కూటరు ఆపలేదు.

ల్యాంపు రూములో కరెంటు తీసేశారు. అక్కడ ఏళ్ళుగా పనిచేసే చాచా ఒక్కడే లైట్లు సర్దుతున్నాడు. "క్యా బేటీ, ఇప్పుడొస్తివా? మిఠాయి నిన్ననే ఖతమాయె" అన్నాడు. అక్క నవ్వి, వరస వెంట వరస నడిచింది. ప్రతి లైటునూ వేళ్ళతో తాకుతూ, పెదాలు కదుపుతూ. వెనక వరసలో ఒక చోట ఆగిపోయింది. ఒక కొక్కెం ఖాళీగా ఉంది.

"ఇదేది చాచా?"

"ఇగో, నా చేతిల! చీకట్ల ఎట్ల సదురుకోవాలె బేటీ?" చాచా ఆ లైటు వెలుగులోనే మాకు దారి చూపిస్తున్నాడు.

"ఒక్కసారి దాన్ని గూడ పెట్టు చాచా."

ఆయన ఆమె ముఖం చూసి, లైటు ఆర్పి కొక్కేనికి తగిలించాడు. గది చీకటయింది. గుమ్మంలోంచి పడే కొంచెం ఎండ మాత్రం మిగిలింది. ఆ ఎండలో నిలబడి అక్క తన ఫోను తీసి సున్నా రాసింది. ఆ చార్టుకు చేత్తో రాసిన అంకె అదొక్కటే. నా విసుగు ఎటు పోయిందో తెలియదు. నేనూ వాళ్ళతో పాటు తలవంచుకుని నిలబడ్డాను.

ఇంటికి పోయేసరికి అవ్వ గోడకు ఆనుకుని ఫోనును చూస్తూనే ఉంది. కింద తెగిన గీత, పక్కన ఖాళీ, ఆ తర్వాత ఆకుపచ్చ నేల మీద ఒంటరిగా ఒక చుక్క.

"నడుమ ఏమాయెనే?" అన్నది అవ్వ.

"నడుమది తెల్వది అవ్వా. పైకైతే వచ్చిన్రు. లైట్లన్ని నేనే చూసొచ్చిన. ఇగ ఆ బాయిల ఎవ్వలు దిగరు."

అవ్వ చుక్కను చూసింది, బిడ్డను చూసింది. "మీ బాపు లైటు చూసినవా?"

అక్క ఆమె ముందు నేల మీద కూర్చుని, ఆ ఎండిన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"బాపు లైటు ఎప్పుడో పెట్టేసిండు అవ్వా. అందరికన్న ముందుగాల్నే పైకొచ్చిండు. మనమే చూసుకోలె."

బయట కరివేపాకు చెట్టు మీద ఏదో పిట్ట అరిచి ఊరుకుంది. అవ్వ ఏడుస్తుందేమోనని చూస్తున్నాను. ఆమె మెల్లగా చేతులు విడిపించుకుని పళ్ళెం తిప్పింది.

"మరి ముందుగాల చెప్పవైతివేందే," అన్నది కోపంగా. "నాకు ఎంత ఆకలైతాందో ఎరికేనా?"

అక్క నవ్వింది. నవ్వుతూనే ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. అవ్వకు ఆ రోజు అన్నం నేను వడ్డించాను.